తోట ఇంట్లో సోలార్ కరెంటు తెల్లారేదాకా సరిపోవాలంటే: లోడు లెక్క నుంచి రోజువారీ వాడకం దాకా

మధ్యాహ్నానికల్లా బ్యాటరీ ఫుల్ చూపిస్తుంది. తెల్లవారుజామున మూడింటికి ఇన్వర్టర్ కుయ్యిమని అరిచి ఫ్యాన్ ఆగిపోతుంది. కరెంటు లైను లేని తోట ఇళ్లలో సోలార్ పెట్టుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. ఇంకో బ్యాటరీ కొనాలా, ఇంకో రెండు ప్యానెళ్లు వేయించాలా అని.

చాలాసార్లు రెండూ అక్కర్లేదు. మోటారు, మిక్సీ, వాషింగ్ మెషీన్ వేసే వేళ మారిస్తే సరిపోతుంది. బ్యాటరీ కొనడం కంటే పని వేళ మార్చుకోవడం ఎప్పుడూ చవక.

లైను కరెంటు ఉన్న ఇంట్లో మనం ఎంత వాడితే అంత ఎక్కడో ఒక కేంద్రం సర్దుతుంది. సొంత సోలార్‌లో ఆ సర్దుబాటు మన పనే. ఎంత వస్తోంది, ఎంత పోతోంది, ఏ వేళకు ఎంత మిగులుతోంది అన్న మూడూ తెలిస్తే టెన్షన్ ఉండదు.

ముందే ఒక మాట. ఇది బ్యాటరీతో నడిచే చిన్న ఇంటి సిస్టమ్ గురించి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద డాబాల మీద వేసేది ఎక్కువగా బ్యాటరీ లేని, లైనుకు కలిపే ఆన్‌గ్రిడ్ రకం. లైను పోతే అది కూడా ఆగిపోతుంది, అలా ఆగేలానే చేస్తారు. దానికి ఈ లెక్క వర్తించదు.

1. పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి

☐ ఒక నోటుబుక్కు, పెన్ను (ఫోనులో రాసుకుంటే నాలుగో రోజు మర్చిపోతారు)
☐ ప్లగ్గుకు తగిలించే చిన్న ఎనర్జీ మీటరు
☐ మల్టీమీటరు
☐ నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీలైతే హైడ్రోమీటరు (లోపలి యాసిడ్ చిక్కదనం కొలిచేది)
☐ ఇన్వర్టర్‌తో ఇచ్చిన మాన్యువల్. పారేసి ఉంటే మోడల్ నంబరు పెట్టి డౌన్‌లోడ్ చేసుకోండి. ఏడో మెట్టులో అది లేకుండా పని జరగదు.

2. లోడు లెక్క: వాట్లతో ఆగకండి, గంటలు కూడా రాయండి

షాపులో అడిగే ప్రశ్న "ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు?" అని. ఆ ప్రశ్న సగమే. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. ముప్ఫై వాట్ల వస్తువు రోజంతా నడిస్తే 0.72 యూనిట్. పెద్ద వస్తువును చూసి భయపడతాం, చిన్నది మాత్రం కనపడకుండా తినేస్తూ ఉంటుంది.

నలుగురు ఉండే ఒక తోట ఇంటి లెక్క ఇలా ఉంటుంది. మీ అంకెలు మీరు వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే. చివరి అంకె వాట్ అవర్లు, అంటే వాట్లు ఇంటూ గంటలు. వెయ్యి అయితే ఒక యూనిట్.

- 9 వాట్ల ఎల్ఈడీలు నాలుగు, 5 గంటలు: 180
- 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటుతో తిరిగే రకం) రెండు, 12 గంటలు: 720
- సింగిల్ డోర్ ఫ్రిజ్, రోజు మొత్తానికి: 900
- టీవీ 50 వాట్లు, 4 గంటలు: 200
- వైఫై రూటర్ 10 వాట్లు, 24 గంటలు: 240
- ఫోను ఛార్జర్లు: 50
- మిక్సీ 600 వాట్లు, పావుగంట: 150
- అర హెచ్‌పీ నీళ్ల మోటారు, దాదాపు 600 వాట్లు, ఒక గంట: 600
- ఇన్వర్టర్ సొంత ఖర్చు 30 వాట్లు, 24 గంటలు: 720

మొత్తం 3,760 వాట్ అవర్లు. అంటే రోజుకు 3.76 యూనిట్లు.

ఆఖరి వరుస చూడండి. ఏ లోడూ లేకపోయినా ఇన్వర్టర్ తన కోసం తాను తినేది రెండు ఫ్యాన్ల వాడకంతో సమానం. దీన్ని చాలామంది లెక్కలో వేయరు. వాళ్ల లెక్క ఎప్పటికీ కలవదు.

ఫ్రిజ్ విషయంలో స్టిక్కరు మీది అంకె నమ్మొద్దు. కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి వాట్లను 24తో గుణిస్తే తప్పు వస్తుంది. ఎనర్జీ మీటరు తగిలించి రెండు రోజులు వదిలేయండి. మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి కొలిస్తే ఇంకా మంచిది.

పాత రకం ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది. రెండు ఫ్యాన్లు 12 గంటలు నడిస్తే 1,800. పైన రాసిన 720కి అదనంగా 1,080, అంటే యూనిట్ పైనే. ప్యానెళ్లు కొనే డబ్బులో మొదటి వాటా ఫ్యాన్లు మార్చడానికే పెట్టండి.

రాడ్ హీటర్‌కి ఈ ఇంట్లో చోటు లేదు. 20 లీటర్ల బకెట్ నీళ్లు వేడెక్కడానికి దాదాపు అర యూనిట్ పడుతుంది. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఎనిమిది గంటలు తిరిగేది అంతే. నలుగురి స్నానానికి రెండు యూనిట్లు. కట్టెల పొయ్యి మీదో, సోలార్ వాటర్ హీటర్‌లోనో కాచుకోండి.

3. ఆ లెక్కను పగలు, రాత్రి అని విడగొట్టండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. షాపుల్లో ఎవరూ చేయరు.

ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా వాడేది ప్యానెళ్ల నుంచి నేరుగా వస్తుంది. మిగతా 17 గంటలు వాడేది బ్యాటరీలోంచి రావాలి. పై లెక్కనే విడగొడితే:

- పగలు: మోటారు 600, మిక్సీ 150, ఫ్రిజ్ వంతు 260, ఫ్యాన్లు 240, రూటర్ 70, ఫోన్లు 50, ఇన్వర్టర్ 210. మొత్తం 1,580.
- రాత్రి: మిగిలిన 2,180.

ఇప్పుడు అదే మోటారును సాయంత్రం ఆరు తర్వాత వేశారనుకోండి. రోజు మొత్తం వాడకం మారలేదు, కానీ రాత్రి లెక్క 2,780 అయింది. తెల్లవారుజామున మూడింటికి ఫ్యాన్ ఆగడానికి కారణం ఎక్కువసార్లు ఇలాంటిదే.

అందుకే నోటుబుక్కులో ప్రతి వస్తువు పక్కన "ఆగగలదు" లేదా "ఆగలేదు" అని రాయండి. మోటారు, మిక్సీ, వెట్ గ్రైండర్, వాషింగ్ మెషీన్, ఐరన్ బాక్స్, స్ప్రేయర్ బ్యాటరీ ఛార్జింగ్ అన్నీ ఆగగలవు. లైటు, ఫ్యాను, రూటరు ఆగలేవు. ఫ్రిజ్ మధ్యరకం, దాని సంగతి తొమ్మిదో మెట్టులో.

4. బ్యాటరీ: రాత్రి లెక్క నుంచే సైజు తీయాలి

రాత్రి 2,180. డీసీని ఏసీగా మార్చడంలో పోయేది పది శాతం వేసుకుంటే దాదాపు 2,400.

ట్యూబులర్ బ్యాటరీని రోజూ సగం కంటే కిందికి దించకూడదు. కాబట్టి 4,800 కావాలి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ అంటే 12 ఇంటూ 150, అంటే 1,800 వాట్ అవర్లు. మూడు సరిపోతాయి కానీ 48 వోల్టుల ఇన్వర్టర్‌కు నాలుగు సిరీస్‌లో వేయాలి. నాలుగు అంటే 7,200, అందులో సగం 3,600. ఒకటిన్నర రాత్రి నిల్వ ఉన్నట్టు.

లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ అయితే 51.2 వోల్టుల 100 ఏహెచ్ ప్యాక్ ఒక్కటి, అంటే 5,120. ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు కాబట్టి చేతికొచ్చేది 4,100 దగ్గర. కొనేటప్పుడు ఖరీదు ఎక్కువ, నీళ్లు పోసే పని లేదు.

కొనే ముందు:

☐ ట్యూబులర్ అయితే సీ10 రేటింగా, సీ20 రేటింగా అడగండి (పది గంటల్లో ఖాళీ చేస్తే ఇచ్చే సామర్థ్యమా, ఇరవై గంటల్లోనా అని). సోలార్‌కు సీ10 తీసుకోండి.
☐ నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే నెలలో తయారైనవి కావాలి.
☐ పాత బ్యాటరీల మధ్య కొత్తది ఒకటి పెట్టొద్దు. పాతవాటి బలహీనత కొత్తదాన్నీ లాగేస్తుంది.
☐ పెట్టే గదికి గాలి ఆడాలి. ఛార్జింగ్‌లో ట్యూబులర్ నుంచి నిప్పు అంటుకునే హైడ్రోజన్ వస్తుంది. దేవుడి దీపం ఉండే గది, వంటగది పనికిరావు.

5. ప్యానెళ్లు: ఎండ రోజును కాదు, ముసురు నెలను చూడండి

మన తెలుగు రాష్ట్రాల్లో కిలోవాట్ ప్యానెల్ సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుందని లెక్క చెబుతారు. అది లైనుకు కలిపినదానికి. బ్యాటరీ ఎక్కి దిగేటప్పుడు పోయేది తీసేస్తే మూడు, మూడున్నర వేసుకోవాలి. జులై, ఆగస్టుల్లో రెండు, రెండున్నరే అనుకోండి. ముసురు పట్టిన రోజు అదీ రాదు.

మన ఇంటికి 3.76 కావాలి. రెండు యూనిట్ల లెక్కన 1.9 కిలోవాట్లు. 540 వాట్ల ప్యానెళ్లు నాలుగు వేస్తే 2.16. బాగానే కుదిరింది.

అయితే ఏప్రిల్‌లో ఇవే ఏడు యూనిట్లు ఇవ్వగలవు. మనకు కావలసింది నాలుగు లోపే. మిగతా మూడూ ఎటు పోతాయి? ఎటూ పోవు, తయారే కావు. బ్యాటరీ నిండగానే కంట్రోలర్ (ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసేది) ప్యానెళ్లను బిగబట్టేస్తుంది. ఆ మిగులును పగటి పనులకు మళ్లించుకుంటే డ్రిప్పుకు నీళ్లు, పిండి రుబ్బడం, బట్టలుతకడం అన్నీ ఉచితంగా జరిగిపోతాయి.

బిగించేటప్పుడు దక్షిణం వైపు, 15 డిగ్రీల అటూ ఇటూ వాలు చాలు. వాలు కంటే నీడ ముఖ్యం. సిరీస్‌లో ఉన్న ఒక ప్యానెల్ మీద కొబ్బరిమట్ట నీడ పడితే ఆ వరుస అంతా దెబ్బతింటుంది. ఉదయం 9, మధ్యాహ్నం 12, సాయంత్రం 4కు నీడలు ఫొటో తీసుకుని చూడండి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి నీడలు పొడుగవుతాయని మర్చిపోవద్దు.

540 వాట్ల ప్యానెల్ నడిచే వోల్టేజీ 41 దగ్గర ఉంటుంది. ఒక్క ప్యానెల్‌తో 48 వోల్టుల బ్యాటరీ ఛార్జి కాదు. రెండేసి సిరీస్‌లో కలిపి, ఆ రెండు జతలను ప్యారలల్ చేయండి. జత ఖాళీ వోల్టేజీ (దేనికీ కలపనప్పుడు ఉండేది) వందకు దగ్గరగా వస్తుంది, చలికాలం ఉదయం ఇంకాస్త పెరుగుతుంది. మీ ఎంపీపీటీ కంట్రోలర్ గరిష్ఠ పరిమితి దానికంటే బాగా పైన ఉందో లేదో మాన్యువల్‌లో చూడండి. దాటితే కంట్రోలర్ కాలిపోతుంది.

6. ఇన్వర్టర్: ఆ ఒక్క క్షణం తట్టుకోవాలి

పై లెక్కలోవన్నీ ఒకేసారి నడిచినా పదిహేను వందల వాట్ల దగ్గరే. అందుకని రెండు కేవీఏ చాలనుకుంటారు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకంటే అయిదారు రెట్లు లాగుతుంది. 600 వాట్ల మోటారుకు ఆ క్షణంలో మూడు వేల పైన కావాలి. అదే క్షణంలో ఫ్రిజ్ కంప్రెసర్ కూడా మొదలైతే ట్రిప్ ఖాయం.

మూడు కేవీఏ, ప్యూర్ సైన్‌వేవ్, క్షణకాలం రెట్టింపు తట్టుకునేది తీసుకోండి. అంతకంటే పెద్దది వద్దు. పెద్ద ఇన్వర్టర్‌కు సొంత ఆకలీ పెద్దదే.

ఒకటి, రెండు హెచ్‌పీ బోరు మోటారును ఈ ఇంటి బ్యాటరీ మీద వేయాలనుకోవద్దు. దానికి విడిగా సోలార్ పంపు, విడిగా ప్యానెళ్లు. రెండూ కలిపితే రెండూ చెడతాయి.

7. సెట్టింగులు: బిగించినవాళ్లు వెళ్లిపోకముందే చూడండి

ఫ్యాక్టరీ సెట్టింగులు మీ బ్యాటరీ కోసం రాసినవి కావు. 48 వోల్టుల ట్యూబులర్ బ్యాంకుకు సాధారణంగా పెట్టేవి ఇవి. బ్యాటరీ కంపెనీ వేరే అంకె ఇస్తే దాన్నే పాటించండి.

- పూర్తి ఛార్జింగ్ వోల్టేజీ: 57.6
- ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ): 54.4
- ఛార్జింగ్ కరెంటు: 150 ఏహెచ్‌కు 15 నుంచి 20 ఆంపియర్లు
- లో కటాఫ్ (ఇన్వర్టర్ ఆగిపోయే వోల్టేజీ): 46. కొన్నిటిలో 42 పెట్టి ఉంటుంది. అక్కడిదాకా దిగిన బ్యాటరీ ఎక్కువకాలం బతకదు.

లైను కూడా ఉన్న ఇల్లయితే, 48కి దిగితే లైనుకు మారమని, 52కి ఎక్కితే తిరిగి బ్యాటరీకి రమ్మని పెట్టండి. ఈ రెండు అంకెలూ దగ్గరగా ఉంటే ఇన్వర్టర్ రాత్రంతా అటూ ఇటూ టకటకలాడుతూనే ఉంటుంది.

లిథియంకు ఈ అంకెలేవీ పనికిరావు. మెనూలో బ్యాటరీ రకం మార్చి, వీలైతే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) కేబుల్ కలపండి.

8. ఒక రోజు ఎలా నడవాలి

ఉదయం 6–9: బ్యాటరీ ఆకలితో ఉంటుంది. ఎండ ఇంకా అందుకోలేదు. ఇప్పుడు మోటారు వేయొద్దు. మనకు తెల్లారగానే ట్యాంకు నింపడం అలవాటు, మా ఇంట్లో ఆ అలవాటు మాన్పించడానికి నెల పట్టింది.

9–11: ఎండంతా బ్యాటరీకి వదలండి. మిక్సీ లాంటి పావుగంట పనులకు ఫర్వాలేదు.

11–2: అసలు వేళ. ఛార్జింగ్ 20 ఆంపియర్లకే కట్టేశాం కాబట్టి బ్యాటరీ తీసుకునేది వెయ్యి, పదకొండు వందల వాట్లు. ప్యానెళ్లు ఇవ్వగలిగేది అంతకంటే ఎక్కువ. మోటారు, వాషింగ్ మెషీన్, గ్రైండర్ ఈ మూడు గంటల్లోనే, ఒకటి అయ్యాక ఒకటి వేయండి. మోటారుకు ఒక టైమర్ పెడితే ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నిండిన ట్యాంకు కూడా ఒక రకంగా బ్యాటరీయే, రాత్రి మోటారు వేసే పని తప్పుతుంది.

2–4: మిగులు ఉంటే ఐరన్, టార్చిలైట్లు, స్ప్రేయర్ ఛార్జింగ్. ఫ్రీజర్‌లో రెండు నీళ్ల సీసాలు గడ్డకట్టనివ్వండి.

4 తర్వాత: ఆగగలిగినవన్నీ ఆపాలి. వీలైతే డీబీలో (ఎంసీబీ స్విచ్చులుండే పెట్టె) ఆగగలిగినవాటికి విడిగా ఒక ఎంసీబీ పెట్టించండి. సాయంత్రం ఆ ఒక్కటీ కిందికి కొడితే చాలు.

9. సాయంత్రం చూసుకోవాల్సిన అంకె

నాలుగింటికి మీటరులో 54 కనిపిస్తుంది. అది చూసి ఫుల్ అనుకోవద్దు. అది ఛార్జింగ్ వోల్టేజీ, బ్యాటరీలో ఉన్నది కాదు. పొద్దుగూకిన అరగంటకు, ఒక లైటు, ఫ్యాను తప్ప ఏమీ లేనప్పుడు చూడండి. ట్యూబులర్‌కు నేను పెట్టుకున్న గీతలు ఇవి:

- 50.4 పైన: మామూలుగా వాడుకోవచ్చు.
- 49.6 నుంచి 50.4: టీవీ గంటన్నర, రెండో ఫ్యాను పడుకునేటప్పుడే.
- 49.6 కింద: రాత్రి 10 నుంచి 5 దాకా ఫ్రిజ్ ఆపు. పగలు గడ్డకట్టిన సీసాలు కింది అరలో పెట్టి తలుపు తీయకపోతే చల్లదనం నిలుస్తుంది. దాదాపు 260 వాట్ అవర్లు మిగులుతాయి.

లిథియంలో వోల్టేజీ చివరిదాకా పెద్దగా కదలదు. అక్కడ శాతం చూసి నడవాలి.

వరసగా రెండు రోజులు ముసురు పడితే జనరేటర్ తప్పదు. దాన్ని రాత్రి వేయొద్దు, ఉదయం ఆరున్నరకు వేయండి. ఖాళీ బ్యాటరీ కరెంటును గబగబా తాగుతుంది. ఆఖరి ఇరవై శాతం మాత్రం నత్తనడక. మొదటి భాగం జనరేటర్‌తో ఎక్కించి ఆపేస్తే, ఆఖరి భాగాన్ని మబ్బుల చాటు ఎండ నిదానంగా నింపుతుంది. రాత్రంతా డబడబలాడించి పెట్రోలు తగలేసేవాళ్లను చూశాను, ఉదయం కొద్ది గంటలతో అయ్యే పని అది.

10. ఎదురయ్యే తేడాలు, వాటికి మందు

పగలు ఫుల్, తెల్లారకముందే కట్: ముందు మూడో మెట్టు మళ్లీ చేయండి. రాత్రి లోడు సరిగానే ఉంటే హైడ్రోమీటరు పెట్టండి. ట్యూబులర్‌లో నిండుగా ఉన్నప్పుడు 1240 దగ్గర ఉండాలి. ఒక్క సెల్ మాత్రం మిగతావాటికంటే 30, 40 పాయింట్లు తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీయే దొంగ.

సెల్లన్నీ తక్కువ చూపిస్తే: రోజూ అరకొర ఛార్జింగే జరుగుతోంది. లోపల పలకల మీద సల్ఫేట్ పేరుకుంటుంది. వారంలో ఒక రోజు పగటి వాడకం తగ్గించి, మధ్యాహ్నం దాకా 57.6 దగ్గర రెండు గంటలు నిలిచేలా చూడండి.

మోటారు వేస్తే ట్రిప్: ఫ్రిజ్ రెండు నిమిషాలు ఆపి మోటారు వేసి చూడండి. అప్పుడు పనిచేస్తే తేడా ఆ మొదటి క్షణం లాగే కరెంటులో, అంటే సర్జ్‌లోనే ఉంది. ఫ్రిజ్ ఆపినా ట్రిప్ అయితే మోటారు కెపాసిటర్ మార్పించండి. అదీ కాకపోతే బ్యాటరీ కేబుల్ బిగింపులు చూడాలి. ఒకసారి మా ఇంట్లో కొత్త ఇన్వర్టర్‌కు ఆర్డరిచ్చే దాకా వచ్చాక వదులుగా ఉన్న ఒక నట్టు దొరికింది.

ప్యానెళ్లు ఉన్నా ఉత్పత్తి పడిపోయింది: పంట కోతల కాలంలో దుమ్ము, పక్షుల రెట్టలు. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు మామూలు నీళ్లతో కడగండి. ఎర్రటి ఎండలో చన్నీళ్లు కొట్టొద్దు. ఉప్పునీటి బోరైతే ఆరేలోపు గుడ్డతో తుడవండి, తెల్లమరకలు కడతాయి.

మే నెలలో ఎండ మండుతున్నా పీక్ తక్కువ: ఇది తేడా కాదు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. ప్యానెళ్ల కింద గాలి ఆడేలా రేకుకు అడుగు ఎత్తులో బిగిస్తే కొంత నయం.

11. నోటుబుక్కులో రోజూ మూడు అంకెలు, నెలకోసారి ఈ పనులు

రోజూ రాయాల్సినవి: ఉదయం ఆరింటి వోల్టేజీ, సాయంత్రం పొద్దుగూకాక వోల్టేజీ, ఆ రోజు ప్యానెళ్లు ఇచ్చిన యూనిట్లు. పది రోజులు రాస్తే మీ ఇంటి తీరు మీకే తెలుస్తుంది. ఉదయం అంకె వారం వారం కొద్దికొద్దిగా దిగుతుంటే మీరు వచ్చేదానికంటే ఎక్కువ వాడుతున్నారన్నమాట.

నెలకోసారి:

☐ డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడండి. బోరు నీళ్లు, ఆర్ఓ నీళ్లు పోయొద్దు. ఛార్జింగ్ అయ్యాకే పోయండి.
☐ టెర్మినళ్ల మీద తెల్లటి పూత తుడిచి వాజిలిన్ రాయండి.
☐ పెరిగిన కొమ్మలు కొట్టండి.
☐ ప్యానెళ్ల వైపు డీసీ ఎంసీబీ ఆపి వైర్ల జాయింట్లు చూడండి. అక్కడ ఏసీ ఎంసీబీ పెట్టి ఉంటే వెంటనే మార్పించండి. డీసీ నిప్పురవ్వను అది ఆర్పలేదు.
☐ ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోయండి.

కొత్త వస్తువు ఏది ఇంటికి తెచ్చినా ముందు నోటుబుక్కులో ఒక వరుస రాయండి: వాట్లు, గంటలు, పగలా రాత్రా. పగలు అయితే సాధారణంగా ఇంకేమీ కొనక్కర్లేదు. రాత్రి అయితే నాలుగో మెట్టు నుంచి మళ్లీ లెక్క వేయండి. ఒక టన్ను ఏసీ రాత్రంతా నడవాలంటే అది ఇప్పుడున్న సిస్టమ్‌లో ఇమడదు, దానికి ఇంకో సిస్టమ్ కట్టుకోవాల్సిందే.